నెరిసిన తలల హాజరీ

ఈ మధ్య ఒక ఆదివారం మా మేనకోడలు స్వప్న ముంబై వర్లిలో మా ఇంటికి వచ్చింది. వచ్చీ రాగానే చెప్పులు ఒకటి అటూ ఒకటి ఇటూ విసిరి, ఫ్యాను కింద చతికిలబడి, "అత్తా, నేను నౌకరీ సోడ్తున్న" అంది. ఉద్యోగం మానేస్తున్నానని దాని అర్థం. మా తమ్ముడి కూతురి తెలుగు ఇలాగే ఉంటుంది. నాలుగు మాటల్లో రెండు మరాఠీవి, ఒకటి హిందీది, మిగిలిన ఆ ఒక్కటీ "అత్తా". ఒక చిన్న ట్రస్టు వాళ్ల బడిలో నాలుగో తరగతికి పాఠాలు చెబుతుంది. ఆ ట్రస్టు వాళ్లు కొత్తగా ఒక నియమం పెట్టారట. రోజూ పొద్దున్నే తరగతి ఫోటో తీసి ఫోనులో పంపాలి. పిల్లల హాజరు వాళ్లు అనుకున్నదానికన్నా తగ్గితే ఆ నెల టీచరు జీతంలో కోత. "పిల్లలు రాకుంటే నా పగార్ ఎందుకు కాట్తరు? నేనైతే రోజ్ పోతున్న గదా!" అంటూ కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకు నవ్వాగలేదు. "నవ్వకు అత్తా! హసూ నకో!" అని రెండు భాషల్లోనూ కసిరింది.

నేను నవ్వింది దాన్ని చూసి కాదు, ఆ నియమాన్ని చూసి. చిన్నప్పుడు మనల్ని ఏడిపించిన మనిషి ముసలితనంలో బస్టాపు దగ్గర ఎదురైతే ఎలా ఉంటుందో అలా అనిపించింది. స్వప్న పుట్టకముందే, వాళ్ల నాన్న ఇంకా చడ్డీ వేసుకోవడం నేర్చుకోకముందే, కామాటిపురాలో ఒంటిగదుల వరసలున్న మా చాల్ పెద్దలు అచ్చంగా ఇదే నియమాన్ని ఒక టీచరమ్మ మీద ప్రయోగించారు. దాన్ని ఓడించింది మా అవ్వ. ఆ మాట చెప్పగానే స్వప్న కళ్లు తుడుచుకుని, కాళ్లు సోఫా మీదికి లాక్కుని, సర్వపిండి ముక్క తుంచుకుంటూ "సాంగ్, చెప్పు" అంది. దానికి చెప్పినదీ, దాని ముందు చెప్పకుండా దాచుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

కామాటిపురా అనగానే ఎర్రదీపాల వీధులు తలచుకుని కనుబొమ్మలు ఎగరేసేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. మా అవ్వ వాళ్లకు ఒకటే జవాబు చెప్పేది: "ఈ పేట కట్టింది మా కామాటోళ్లు. ఎన్కసిరి ఎవరెవరొచ్చి కిరాయికున్నరో మాకేం ఎరుక?" అవ్వ అంటే మా నాన్నకు తల్లి, ఎల్లవ్వ. ఆమె మామగారి కాలంలో పాలమూరు నుంచి రాళ్లు మోయడానికి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన కుటుంబం మాది. నాన్న బిల్డింగులకు రంగులేసేవాడు, అమ్మ నాగ్‌పాడాలో ఒక దవాఖానాలో ఆయాగా పనిచేసేది. ఇద్దరూ పొద్దున్నే వెళ్లిపోతే ఇక ఆ ఒక్క గదికీ, ముందున్న పొడుగాటి వరండాకూ, వీలైతే మొత్తం చాలుకూ మహారాణి మా అవ్వ. ఆమె బీడీలు చుట్టేది. రాత్రంతా తడిగోనెలో చుట్టిపెట్టిన తునికాకు వాసన, తంబాకు ఘాటు, పక్కింటి కొంకణీ వాళ్ల బొంబిల్ చేపల వేపుడు, మా పొయ్యి మీద జొన్నరొట్టె, ఇవన్నీ కలిసి మా ఇంటి పొద్దుటి వాసన. బయటివాళ్లు గుమ్మంలోనే తుమ్మేవారు. మాకు మాత్రం ఆ వాసన తగలకపోతే తెల్లారినట్టు ఉండేది కాదు.

అవ్వకు రెండు అలవాట్లు. నల్లా నీళ్లు రాకముందే వెళ్లి వరసలో తన ఇత్తడి చెంబు పెట్టి వచ్చేది. ఆ చెంబును ఎవరైనా ఒక్క జానెడు వెనక్కి జరిపితే మూడు అంతస్తులూ వినాల్సిందే. ఇక రెండోది, బీడీకి కట్టే దారం పళ్లతో పట్టుకునే మాట్లాడేది. తిట్టినా, కథ చెప్పినా, పాట పాడినా దారం పళ్ల మధ్యే ఉండేది. ఆ దారం తీసి పక్కన పెట్టిందంటే విషయం చాలా పెద్దదన్న మాట. బీడీల మూతులు ముడిచేది మేము. అంటే నేనూ, పక్క గదిలో లచ్చీ, ఇంకా ఆ వరసలో ఉన్న ఆడపిల్లలందరం. చిన్న వేళ్లకే ఆ పని బాగా కుదురుతుందని అవ్వల సిద్ధాంతం.

మా బడి చాల్ వెనక, సంఘం వాళ్ల హాల్లో ఉండేది. మునిసిపాలిటీ బడిలో తెలుగు తరగతులు అంతంత మాత్రంగా ఉన్నాయని పెద్దలు సొంతంగా పెట్టుకున్న బడి అది. పగలు మా చదువు, పొద్దు వాలాక పెద్దల భజన, భజన తర్వాత పేకాట. ఇళ్లు కట్టేవాళ్లూ కూల్చేవాళ్లూ పెట్టిన బడి కదా, అందులో ప్రతి వస్తువూ ఏదో ఒక కూల్చిన బంగళాలోంచి వచ్చిందే. తలుపు ఒక పార్సీ దొర ఇంటిది, కిటికీలు ఎవరో డాక్టరువి. నల్లబల్ల అయితే ఒక బీరువా తలుపు. దానికి నాన్నే నల్లరంగు పూశాడు. చేత్తో పట్టుకునే పిడి పీకడం మర్చిపోయారు కాబట్టి మా టీచర్లు ఎవరొచ్చినా గొడుగు దానికే తగిలించేవారు.

ఆ టీచరమ్మ పేరు అనసూయ. ఆమెకు ముందు మాకు ఒక సారు ఉండేవాడు. ఆయన కునుకు తీయడం, మేము కిటికీలోంచి దూకడం, రెండూ ఒకే సమయానికి జరిగేవి. ఆ సారు ఎక్కడో గుమాస్తా పని దొరికి వెళ్లిపోయాక, కొత్త టీచర్ గురించి మాట్లాడుకోవడానికి ఒక ఆదివారం పొద్దున పెద్దలంతా మా వరండాలో కూర్చున్నారు. సంఘానికి పెద్ద ముకాదం పెంటయ్య. కూలీలను జమచేసి సైట్లకు తోలుకుపోయే మనిషి. మల్లెపువ్వులాంటి పైజామా, తలకు రుమాలు, గొంతు మాత్రం ఎప్పుడూ పదో అంతస్తు మీదున్న వాణ్ని పిలుస్తున్నట్టే ఉండేది.

"నేను సైటుకు ఎందర్ని తోల్కపోతె అందరికే సేటు పైసలిస్తడు. మనిషి రాకుంటె హాజరీ లేదు, హాజరీ లేకుంటె కూలి లేదు. గా సారుకు పిల్లలున్నా లేకున్నా పగారిచ్చి మోసపోయినం. ఇప్పుడొచ్చే టీచర్‌కు తలకింత. బళ్లె ఎన్ని తలలుంటె గంత పగారు" అన్నాడు పెంటయ్య.

మా నాన్న ఉండబట్టలేక, "పిల్లలేమన్న ఇటుకలా పెంటన్నా, లెక్కగట్టి ఇచ్చెటందుకు?" అన్నాడు.

"ఇటుకలైతె మంచిగుండు తమ్మీ. పెట్టినకాడ ఉంటయి."

అందరూ నవ్వారు. నవ్వుతోనే నియమం ఖాయమైపోయింది. ఆ మాటలన్నీ గోడ అవతల బోర్లా పడుకుని గవ్వలాడుతున్న నేనూ, లచ్చీ విన్నాం. లచ్చి నాకన్నా ఒక ఏడాది పెద్దది. పళ్ల మధ్య సందు, ఆ సందులోంచి ఈల, బుర్రనిండా లెక్కలు. గవ్వలు కింద పడేసి నా చెవిలో, "గంటె మనం పోకుంటె ఆమెకు పైసల్ రావన్నట్టే గదనే?" అంది. నేను తలూపాను. దాని మొహంలో దీపం వెలిగింది. అంతకుముందు అలాంటి వెలుగు దాని మొహంలో మామిడిపళ్ల బండి బోల్తాపడిన రోజున మాత్రమే చూశాను.

అనసూయ టీచర్‌ది కృష్ణాజిల్లా. భర్త రైల్వేలో పనిచేసేవాడు, ఛాతీ జబ్బుతో సగం జీతం మీద సెలవులో ఉన్నాడని తర్వాత తెలిసింది. దాదర్ నుంచి బస్సులో వచ్చేది. సన్నటి మనిషి, ఇస్త్రీ నలగని నేత చీర, ఎవరితోనైనా "అండీ" అనే మాట. మొదటిరోజే లచ్చి లేచి, "బాయీ, నీళ్లు!" అంది. మరాఠీ బడుల్లో పంతులమ్మను బాయి అంటారు కాబట్టి మేమూ అలాగే అనేవాళ్లం. మా తెలుగులో బాయి అంటే బావి కూడానూ. పాపం టీచర్ కిటికీ దగ్గరికెళ్లి బయటికి తొంగిచూసి, "ఇక్కడ బావి ఎక్కడుందమ్మా?" అని అడిగింది. బడంతా గొల్లుమంది. తనే బావి అని అర్థమయ్యాక ఆమె కూడా నవ్వింది కానీ, ఆ నవ్వు చూసి మేము చనువు తీసుకున్నాం.

రెండో వారానికల్లా లచ్చి రంగంలోకి దిగింది. టీచర్ ఎక్కాలు అప్పజెప్పమనగానే కడుపు పట్టుకుని లేచి, "బాయీ, ఎక్కాలంటె నాకు కడుపు నొస్తది. రేపు వస్తనో రానో" అంది. వెనకనుంచి ఇంకో గొంతు, "నాకు గూడ." ఇంకోటి, "నాకు జొరం." టీచర్ అందరి మొహాలూ ఒకసారి చూసింది. ఆమెకు అర్థమైందని మాకూ అర్థమైంది. ఆరోజు ఎక్కాలు పోయి కథ వచ్చింది. మర్నాడు అందరం హాజరు. ఆ తర్వాత మా కోరికలకు అంతు లేకుండా పోయింది. కథలో రాక్షసుడు గెలవాలన్నాం, గెలిచాడు. చిక్కీ కావాలన్నాం, టీచర్ సంచిలో చిక్కీ వచ్చింది. శనివారం నాగ్‌పాడా మలుపులో ఐసుగోళా తినిపించాలన్నాం, ఎర్రటి నాలుకలతో ఇళ్లకు చేరాం. మా బలం మర్చిపోతుందేమోనని అప్పుడప్పుడు సగం మందిమి కావాలనే మానేసేవాళ్లం. ఒకరోజు లచ్చి తన సంచి కూడా టీచర్ చేతికిచ్చి మోయమంది. టీచర్ ఆ సంచి అందుకుని, "లక్ష్మీ, పెద్దయ్యాక నువ్వు తప్పకుండా ముకాదంవి అవుతావమ్మా" అంది. లచ్చి దాన్ని దీవెన అనుకుంది. నిజానికి అయింది కూడా. ఇప్పుడు ఒక పెద్ద ఆఫీసులో ఊడ్చి తుడిచే పనివాళ్లందరి మీదా అదే పెద్ద. దానికి చెప్పకుండా ఒక్కరూ సెలవు పెట్టలేరు.

అంతా ఆటలాగే ఉండేది. కానీ నెల తిరిగి జీతం ముట్టాక టీచర్ ఆలస్యంగా రావడం మొదలుపెట్టింది. వచ్చేసరికి చీర అంచు మోకాలిదాకా దుమ్ము, మొహం చెమటతో కందిపోయి ఉండేది. కూర్చుని, చెప్పుల్లోంచి కాళ్లు తీసి ఒకదానితో ఒకటి రుద్దుకునేది. ఒకరోజు లచ్చి తండ్రి సైటుకు వెళ్తూ పరేల్ దగ్గర ఆమెను చూశాడట. "గా టీచరమ్మ దాదర్ నుంచి నడ్సుకుంట వస్తున్నదే" అని ఇంట్లో చెప్పాడు. లచ్చి నాకు చెప్పింది. ఇద్దరం గవ్వలు ముందేసుకుని కూర్చున్నాం కానీ ఎవరమూ ఆట మొదలుపెట్టలేదు. "చిక్కీ బంద్ చేద్దామానే?" అంది లచ్చి చివరికి. అది మా దయాగుణానికి పరాకాష్ఠ.

చిక్కీ మానినంత మాత్రాన హాజరీ పెరగలేదు. ఎందుకంటే మా అల్లరి సగమే. మిగతా సగం బీడీలది. కార్ఖానాకు బీడీలు ఇచ్చిరావాల్సిన రోజు దగ్గరపడితే అవ్వలు మమ్మల్ని గడప దాటనిచ్చేవారు కాదు. అలాంటి ఒక మధ్యాహ్నం అందరం వరండాలో చేటల ముందు కూర్చుని ఉండగా, మెట్లెక్కి టీచరే వచ్చేసింది. మేము చేటల వెనక దాక్కున్నాం. చేట వెనక పిల్ల దాగుతుందా!

"ఎవలు గావాలె?" అంది అవ్వ, దారం పళ్ల మధ్య నుంచే.

"పిల్లల కోసం వచ్చానండీ."

"నీ పిల్లలు తప్పిపోయిన్రా?"

"వీళ్లే నా పిల్లలండీ" అంది టీచర్ మా వైపు చూపిస్తూ. "పొద్దున్నించీ బడిలో ఒక్కదాన్నే కూర్చున్నాను."

"పిల్లలు బడికొస్తె నా బీడీల మూతులెవరు ముడుస్తరు? నువ్వొచ్చి ముడుస్తవా?"

టీచర్ నిజంగానే కొంగు దోపుకుని కింద కూర్చుంది. ఒక బీడీ అందుకుని మూతి ముడవబోయింది. ఆకు పటుక్కున చిరిగి తంబాకంతా ఒళ్లో పడింది. రెండోదీ అంతే. మూడో దానికి తుమ్ములు పట్టుకున్నాయి. తుమ్ములు ఆగాక కళ్లు తుడుచుకుంటోంది కానీ, తంబాకు ఘాటు పోయినా కళ్లు తుడవడం ఆపలేదు. అవ్వ చేతులు ఆగిపోయాయి.

"వీళ్లు రాకపోతే నాకు జీతం రాదండీ. తలకింత అని చెప్పారు. ఇంట్లో ఆయన మందులకే చాలడం లేదు" అంది టీచర్ మెల్లిగా.

"ఎవలు చెప్పింది? పెంటడా?" అవ్వకు పెంటయ్య మీద పాత కోపం. నల్లా వరసలో ఆమె చెంబు ముందు తన డ్రమ్ము పెట్టించిన ఘనుడు అతనే. "తలకింత అన్నడా, పిల్లకింత అన్నడా?"

"తలకే అన్నారండీ. నలుగురిలో అన్నారు."

అప్పుడు మా అవ్వ పళ్ల మధ్యనుంచి దారం తీసి పక్కన పెట్టింది. లచ్చీ నేనూ ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్నాం.

"మరి నెరిసిన తలకు తక్కువిస్తనని ఏమన్న జెప్పిండా?"

టీచర్‌కు కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక, "ఆ మాటేమీ అనలేదండీ" అంది. చాలా రోజుల తర్వాత ఆమె మొహంలో అల్లరి కనిపించింది. అప్పటిదాకా అల్లరి మా సొత్తనే అనుకున్నాం.

మర్నాడు బడి చూడాలి! ముందు మా అవ్వ, ఆమె వెనక లచ్చి వాళ్ల అవ్వ, ఆ వెనక చాలులో ఉన్న ముసలమ్మలందరూ తలా ఒక చేట నెత్తిన పెట్టుకుని ఊరేగింపుగా వచ్చి ముందు వరసలన్నీ ఆక్రమించారు. కార్ఖానా పని కార్ఖానాదే, హాజరీ హాజరీదే. వాళ్లు ఆకు చుడుతుంటే మేము వాళ్ల వెనక కూర్చుని మూతులు ముడుస్తూ ఎక్కాలు చదవాలి. టీచర్ అందరినీ మర్యాదగా పేరు పెట్టి పిలిచింది. "ఎల్లమ్మ గారూ!" అంటే మా అవ్వ, "ఈడ్నే ఉన్న గద, కండ్లు కనవడ్తలెవ్వా?" అంది. హాజర్ అనాలని ఎన్నిసార్లు చెప్పినా ఎవరికి తోచింది వాళ్లు చెప్పేవారు. లచ్చి అవ్వ అయితే పేరు పిలవగానే కోడలి మీద ఫిర్యాదు మొదలుపెట్టేది. టీచర్ "అ" రాసి చూపిస్తే, "గిది మా ఇంటాయన పండుకున్నట్టే ఉన్నది" అని ఒకామె అంది, ఆ ముక్కకు ఆ రోజంతా చదువు సాగలేదు. మాకంటే వాళ్లే అల్లరి. వాళ్లు అల్లరి చేస్తే టీచర్ నవ్వేది. మేము కిసుక్కుమంటే మాత్రం ముందు వరసలోంచి ఒక చెయ్యి వచ్చి నెత్తిన ఒక్కటి వేసేది. మా రాజ్యం అలా కూలిపోయింది. కథల్లో రాక్షసులు మళ్లీ ఓడిపోవడం మొదలుపెట్టారు. కడుపునొప్పులు మాయమయ్యాయి. అవ్వ బడికి బయలుదేరుతుంటే మనవరాలు ఇంట్లో ఉంటానని ఏ నోటితో అంటుంది?

నెలాఖరుకు పెంటయ్య లెక్క చూశాడు. సంఘం డబ్బాలో ఉన్నదంతా ఊడ్చినా టీచర్ జీతానికి సరిపోయేలా లేదు. మిట్టమధ్యాహ్నం పాఠం నడుస్తుండగా వచ్చి గుమ్మంలో నిలబడి, పదో అంతస్తుకు వినబడేలా అరిచాడు. "ఇది బడా, బీడీల కార్ఖానానా?"

"బడేనండీ. కూర్చోండి" అంది టీచర్.

"ఈ ముసలోళ్లెవరు?"

"తలలండీ. మీరు తలకింత అన్నారు కదా. ఒక్క తల కూడా దొంగ తల లేదు. కావాలంటే ముట్టి చూసుకోండి."

అతను ముట్టి చూసుకోలేదు. కోపంతో రుమాలు తీసి మళ్లీ కట్టుకున్నాడు. "నెరిసిన తలలన్నీ కొట్టెయ్! ముందు వరుస నుంచే కొట్టెయ్. ఒక్కటి గూడ ఉండొద్దు" అన్నాడు. అవ్వలెవరూ నోరు మెదపలేదు. అది చూసి నాకు ఆశ్చర్యమైంది, నోరు మెదపకుండా ఉండడం వాళ్ల జన్మలో లేదు. తర్వాత చూశాను, అందరూ పెదవులు బిగబట్టి ముందు వరసలో చివరికి చూస్తున్నారు. అక్కడ ఒక చేట, ఆ చేట వెనక కొంగు కప్పుకుని వంగి కూర్చున్న ఒక చిన్న ఆకారం. చేట మెల్లిగా కిందికి దిగింది.

"నా పేరు గూడ కొట్టేస్తవార, పెంటా?"

ఆమె సాయవ్వ. పెంటయ్య కన్నతల్లి. కొడుకు సైటుకు వెళ్లగానే రోజూ దొడ్డిదారిన బడికి వచ్చేది. ఆ సంగతి అతనికి తప్ప చాలులో అందరికీ తెలుసు.

"అమ్మా! నువ్వెప్పుడొచ్చినవే ఈడికి?"

"పొద్దుగాలనే వచ్చిన. హాజరీ గూడ పడ్డది. నిన్ను తొమ్మిది నెలలు మోసినప్పుడు నాకెవరన్న తలకింత ఇచ్చిన్రార? మాటిచ్చినవు, ఇయ్యి. లేకుంటె నలుగుర్ల నిలవడి, నాది మాట గాదు, తవుడు అని చెప్పు."

ఇక ఆపలేక అవ్వలందరూ ఒక్కసారిగా నవ్వారు. చేటల్లో తంబాకు లేచి, నవ్వుల మధ్య తుమ్ములు, తుమ్ముల మధ్య నవ్వులు. పెంటయ్య కూడా తుమ్మాడు. తుమ్మిన ముకాదం కోపంగా కనబడడం చాలా కష్టం. గుమ్మం పట్టుకుని నిలబడి, "సరె. తలలు లెక్కవెట్టుడు బంద్. వెనకటి సారుకు ఇచ్చినట్టె నెలకింతని ఇస్తం. పిల్లలొచ్చినా రాకున్నా" అన్నాడు. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "అమ్మా, ఇంటికి రా, అన్నం సల్లారుతది" అని మామూలు గొంతుతో అన్నాడు. అతనికి మామూలు గొంతు కూడా ఉందని ఆరోజే తెలిసింది. సాయవ్వ, "బడి ఇడ్సినంక వస్త" అంది.

జీతం ఖాయమైన మర్నాడు టీచర్ బస్సులో వచ్చి, గొడుగు నల్లబల్ల పిడికి తగిలించి, మా వైపు తిరిగి చల్లగా, "పదమూడో ఎక్కం" అంది. అవ్వలు ఇక రావాల్సిన అవసరం లేదు. అయినా వానలు మొదలయ్యేదాకా వచ్చారు. ఇంట్లో కన్నా అక్కడ గాలి బాగా వస్తుందని ఒక సాకు. మా అవ్వ పట్టుబట్టి ఒకే ఒక్క పేరు రాయడం నేర్చుకుంది. తన పేరు కాదు, పెంటయ్య పేరు. నేర్చుకున్న మర్నాడే సుద్దముక్క పట్టుకుని నల్లా పక్క గోడ మీద పెద్ద అక్షరాలతో "పెంట" అని రాసి, చెంబు తీసుకుని ఇంటికొచ్చేసింది. ఎవరైనా అడిగితే, "మిగిలింది యాదికి రాలె బిడ్డా, ముసలిదాన్ని" అనేది. ఆ ముసలిదానికి మా ముత్తాత చెల్లెలి మరిది పేరు కూడా గుర్తుండేది.

అనసూయ టీచర్ మా దగ్గర చాలా ఏళ్లే ఉంది. భర్త కోలుకున్నాడు, బదిలీ మీద వాళ్లు ఎటో వెళ్లిపోయారు. ఆ తర్వాత వచ్చిన టీచర్లకు జీతాలు సక్రమంగానే అందాయి కానీ పిల్లలే కరువయ్యారు. కొందరు మరాఠీ బడికి, కొందరు ఇంగ్లీషు బడికి. మా తమ్ముడు మరాఠీ బడికే వెళ్లాడు, అందుకే వాడి కూతురి తెలుగు అలా ఉంది. అప్పట్లో ఒక చాల్ పిల్లలను పోగుచేయడానికి వరండాలో నిలబడి ఒక్క కేక వేస్తే చాలు. ఇప్పుడు వాళ్లను వెతకాలంటే ఏ వరండాలో నిలబడాలి?

కథంతా విని స్వప్న కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, "మా ఫోటోలో నెరిసిన తలలు పడితే ట్రస్టోళ్లు నన్నే తీసేస్తరు అత్తా" అంది. బడికి రాని పిల్లలెవరని అడిగాను. మూతపడ్డ మిల్లు జాగాలో టవర్లు కడుతున్నారు కదా, అక్కడి కూలీల పిల్లలట. పాలమూరు వాళ్లు. "వాళ్ల అమ్మలు తెలుగు బోల్తరు, కానీ ఫాస్ట్. నాకు సమజ్ కాదు. నాకు సిగ్గు." మా అవ్వ వూరివాళ్లు మాట్లాడే తెలుగు మా అవ్వ మునిమనవరాలికి అర్థం కాదు! సోమవారం పొద్దున్నే నేనూ దానితో వెళ్లాను.

రేకుల షెడ్ల ముందు చెన్నమ్మ అనే ఆమె ఇసుక జల్లెడ పట్టడానికి బయలుదేరుతోంది. ఆమె కూతురు అంజలి ఒళ్లో తమ్ముణ్ని కూర్చోబెట్టుకుని మమ్మల్ని చూసి నవ్వింది. "పిల్లను బడికి పంపమ్మా" అన్నాను. "పంపుడుకు నాకేం కోపమక్కా? గది పోతె ఈ పోరన్ని ఎవలు వట్టుకుంటరు? సైట్ల ఇనుప చువ్వలు, గుంతలు" అంది చెన్నమ్మ. స్వప్నకు మాటలన్నీ అందలేదు. కానీ ఆ పిల్లవాణ్ని చూసింది, గుంతను చూసింది. నేను అనువాదం మొదలుపెట్టేలోపే వంగి పిల్లవాణ్ని చంకనెత్తుకుంది. వాడు మొదటి పనిగా దాని ఇస్త్రీ కుర్తా తడిపాడు. బడి గేటు దగ్గర వాచ్‌మన్ లేచి, "మేడమ్, యే కౌన్సీ క్లాస్ కా?" అని వాడు ఏ తరగతో అడిగాడు. "ప్రిన్సిపాల్ కో పూఛో" అని ఆగకుండా లోపలికి నడిచింది మా పిల్ల. ప్రిన్సిపాల్ నిజంగానే పిలిచి అడిగింది. స్వప్న ఏం చెప్పిందో నాకు చెప్పలేదు కానీ, వారం తిరిగేసరికి దాని తరగతి మూలన ఒక చాప పరిచారు, చాప మీద ఇంకా ఇద్దరు చంటివాళ్లు చేరారు, నాలుగో తరగతికి ముగ్గురు ఆడపిల్లలు ఎక్కువ వచ్చారు.

ఇక్కడితో అంతా బాగైపోయిందని రాస్తే నాకూ బాగానే ఉంటుంది. ఆ నెల కోత పడనే పడింది. నియమం పెట్టిన వాళ్లను గుమ్మంలో నిలబెట్టి అడగడానికి వాళ్ల తల్లులెవరో, వాళ్లు ఎక్కడుంటారో మాకు తెలియదు. పై నెల సగంలో మేస్త్రీ చెన్నమ్మ వాళ్లను థానే అవతల ఇంకో సైటుకు మార్చేశాడు. రాత్రికి రాత్రి సామాను లారీలో వేసుకుని వెళ్లిపోయారు. స్వప్న ఫోన్ చేసింది. హాజరీ తగ్గిందని ఏడుస్తుందేమో అనుకుని ధైర్యం చెప్పబోయాను.

"పగార్ సంగతి సోడ్ అత్తా" అంది. "అంజలికి భాగారం సగం చెప్పిన. శేషం ఎట్ల రాయాల్నో ఇంకా చెప్పలే."

ఆదివారం ఇద్దరం థానే రైలెక్కాం. దారి పొడుగునా, చెన్నమ్మ పేరు చెప్పి అంజలి ఎక్కడుందో అడిగే ఒకే వాక్యం నాతో మళ్లీ మళ్లీ చెప్పించుకుంది. కుర్లా వచ్చేసరికి ఒత్తులు కుదిరాయి, ములుండ్ వచ్చేసరికి యాస కుదిరింది. పక్కన కూర్చున్న చేపలామె కూడా దానితో కలిసి రెండుసార్లు అంది. పాత సైటు వాచ్‌మన్ చెప్పిన గుర్తులు పట్టుకుని నడిస్తే, కొత్త సైటు గేటు దగ్గర సిమెంటు బస్తాల మీద నలుగురు ఆడవాళ్లు కూర్చుని రొట్టెలు తింటున్నారు. నేను నోరు తెరిచేలోపే మా స్వప్న ముందుకు వెళ్లి, రైల్లో నేర్చుకున్న పేరూ వాక్యమూ రెండూ మర్చిపోయి, "ఓ అక్కా, మా పిల్ల ఏడున్నదే?" అంది.